మంచి లెక్చరర్ అనే మూఢనమ్మకం

డిగ్రీ కాలేజీల్లో సైన్సు చదువు ఎందుకిలా తగలడిందని ఎవర్ని కదిపినా మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇప్పటి పిల్లలకు శ్రద్ధ లేదు, చేతిలో ఫోనుంటే చాలు అన్నది మొదటిది. ఒక్కో సెక్షన్లో వంద మందిని కుక్కితే ఎవరు మాత్రం ఏం నేర్పగలరు అన్నది రెండోది. మూడోదంటే అందరికీ మహా ఇష్టం: మా రోజుల్లో ఫలానా మాస్టారుండేవారు, ఆయన చెబుతుంటే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుండేది, అలాంటివాళ్ళు ఇప్పుడేరీ?

పైకి వేరువేరుగా కనిపించినా మూడింటి అడుగునా ఉన్న నమ్మకం ఒకటే. చదువంటే తెలిసినాయన చెప్పడం, తెలియనివాళ్ళు వినడం. చెప్పేవాడు గట్టివాడై, వినేవాడు బుద్ధిమంతుడై, గదిలో జనం కాస్త తక్కువైతే పని దానంతటదే జరిగిపోతుంది. జరగలేదంటే వీటిలో ఎక్కడో లోపముంది. ఉపన్యాసం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

నా తగవు ఆ ఉపన్యాసంతోనే. బాగా చెప్పేవాళ్ళు కరువై సైన్సు తరగతులు పాడవలేదు, బాగా చెబితే చాలనుకోబట్టి పాడయ్యాయి. ఇది ఎవరో బోధనాశాస్త్రం వాళ్ళు కుర్చీలో కూచుని అల్లిన సిద్ధాంతమైతే పక్కన పెట్టేయవచ్చు. కానీ ఫిజిక్స్, బయాలజీ వాళ్ళే తమ సొంత తరగతులను నలభై ఏళ్ళుగా కొలిచి చూసి తేల్చిన సంగతి ఇది. అదీ చిన్న చిన్న ట్యుటోరియల్ గదుల్లో కాదు, మనం తల పట్టుకునేంత పెద్ద తరగతుల్లో.

అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టెనెస్ చేసిన ఒక పని 1985లో అచ్చయింది. ఒకే మొదటేడాది ఫిజిక్స్ కోర్సును నలుగురు ప్రొఫెసర్లు చెబుతున్నారు. నలుగురివీ నాలుగు తీరులు. ఒకరు సిద్ధాంతాన్ని పొందికగా పేర్చి చెబుతారు. ఒకరు క్లాసులో బోలెడన్ని ప్రయోగాలు చేసి చూపిస్తారు. ఒకరు బోర్డు మీద లెక్క మీద లెక్క చేస్తారు. ఇంకొకరు ఆ కోర్సు చెప్పడమే మొదటిసారి, పుస్తకాన్ని అనుసరించి పోతారు. కోర్సు మొదట్లో, చివర్లో పిల్లలకు ఒకే పరీక్ష పెట్టారు. సూత్రంలో అంకెలు వేసే లెక్కలు కావు. వస్తువు ఎందుకు కదులుతుంది, బలమంటే ఏమిటి అనే మౌలిక విషయాల మీద మామూలు మాటల్లో ప్రశ్నలు. నాలుగు తరగతుల్లోనూ పిల్లలు ముందుకు జరిగింది ఇంచుమించు ఒకే దూరం, అదీ కొంచెమే. ఎవరు చెప్పారన్న దానితో నిమిత్తం లేకపోయింది.

మన ‘ఫలానా మాస్టారు’ కథకు ఇంతకన్నా గట్టి దెబ్బ ఏముంటుంది? నలుగురూ బాగా చెబుతారని పేరున్నవాళ్ళే. అయినా మొదటిసారి చెబుతున్న మనిషికీ మిగతావాళ్ళకూ ఫలితంలో తేడా రాలేదు. ఇదేదో ఒక్క ఊరి వింత అనుకునేవాళ్ళ కోసం 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల నుంచి, ఆరున్నర వేల మందికి పైగా విద్యార్థుల నుంచి ఇలాంటి పరీక్షల ఫలితాలే పోగేశాడు. ఆయన లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. కోర్సు మొదట్లో విద్యార్థికి తెలియనిదాంట్లో ఎంత భాగం చివరికి తెలిసింది? ఉపన్యాసం మీదే నడిచిన 14 కోర్సుల్లో సగటున 23 శాతం. ఒక్క కోర్సూ 30 శాతానికి చేరలేదు. క్లాసులోనే పిల్లల చేత ఆలోచింపజేసి, మాట్లాడించి, అప్పటికప్పుడు సరిదిద్దిన 48 కోర్సుల్లో సగటు 48 శాతం. ఆ పద్నాలుగు కోర్సుల్లో బాగా చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరంటే ఎవరు నమ్ముతారు?

ఇక అందరూ చెప్పుకోవలసిన ప్రయోగం 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కెనడాలో, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పిల్లలందరికీ మొదటేడాది ఫిజిక్స్ తప్పనిసరి. ఒక్కో సెక్షన్లో ఇంచుమించు 270 మంది. సెక్షను పెద్దదని మొత్తుకునేవాళ్ళు ఈ అంకెను మరోసారి చూసుకోవాలి. అలాంటి రెండు సెక్షన్లు తీసుకున్నారు. పదకొండు వారాలు రెండింటికీ మామూలు పాఠాలే. మిడ్‌టర్మ్ మార్కుల్లో రెండూ సమఉజ్జీలు. పన్నెండో వారంలో విద్యుదయస్కాంత తరంగాలు వచ్చాయి. ఒక సెక్షనుకు అనుభవం పండిన, విద్యార్థుల దగ్గర ఏటా మంచి పేరు తెచ్చుకునే ప్రొఫెసరే యథాప్రకారం పాఠం చెప్పారు. రెండో సెక్షనును లూయీ డెలోరియే అనే పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడి చేతిలో పెట్టారు. తరగతి చెప్పిన అనుభవం అంతంతమాత్రం, ఈ కొత్త పద్ధతిలో శిక్షణ మాత్రం ఉంది. తోడుగా ఎలెన్ షెల్యూ అనే పరిశోధక విద్యార్థిని.

ఆ వారంలోని మూడు గంటల్లో డెలోరియే ఉపన్యాసమనేదే ఇవ్వలేదు. క్లాసుకు ముందు మూడు నాలుగు పేజీలు చదువుకు రావాలి. చదివారో లేదో తేల్చడానికి ఆన్‌లైన్‌లో చిన్న తప్పొప్పుల పరీక్ష. క్లాసులో కూచోగానే తెర మీద ఒక ప్రశ్న. పక్కవాళ్ళతో తర్కించుకుని, చేతిలో ఉన్న రిమోట్‌లాంటి చిన్న పరికరం మీద జవాబు నొక్కాలి. దాన్ని క్లికర్ అంటారు. ఆ తర్వాత చిన్న గుంపుల్లో ఒక సమస్యను కాగితం మీద తేల్చి, ఆ కాగితం అప్పజెప్పి వెళ్ళాలి. వాళ్ళు తంటాలు పడుతున్నంతసేపూ నేర్పేవాళ్ళు మధ్యలో తిరుగుతూ, ఎక్కడ తట్టుకుంటున్నారో చెవి ఒగ్గి వింటారు. విన్నాక, ఆ తట్టుకున్న చోటు గురించే చెబుతారు.

తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష, 12 ప్రశ్నలు. ఈ పేపరు సరైనదేనని రెండు వైపుల వాళ్ళూ ఒప్పుకున్నదే. ఉపన్యాసం విన్నవాళ్ళ సగటు 41 శాతం. రెండో సెక్షను సగటు 74. ప్రశ్నలు బిట్ల రూపంలో ఉన్నాయి కాబట్టి కళ్ళు మూసుకుని పెట్టుకుపోయినా 23 శాతం రాలుతుంది. దాన్ని తీసేసి చూస్తే మంచి ప్రొఫెసరు చెప్పిన పాఠం విలువ 18, కుర్రాడు చేయించిన పని విలువ 51. ఇంకో ముచ్చట: ఆ వారం డెలోరియే సెక్షన్లో హాజరు 57 శాతం నుంచి 75కి పెరిగింది. శ్రద్ధ లేదని మనం తిట్టే వయసు పిల్లలే వాళ్ళూనూ.

ఈ ప్రయోగం వెనక ఉన్న మనిషి కార్ల్ వైమన్. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ రాసిన వ్యాసంతో మొదలైన ఊహను ఎరిక్ కార్నెల్‌తో కలిసి 1995లో ప్రయోగశాలలో నిజం చేసి చూపించి, 2001లో నోబెల్ బహుమతిని పంచుకున్నవాడు. ఆ తర్వాత ఆయన తన కాలాన్ని డిగ్రీ తరగతుల బోధన మీద పెట్టాడు. సబ్జెక్టు రానివాళ్ళు పెడగాజీ పట్టుకుంటారని మన స్టాఫ్ రూముల్లో ఒక వెటకారం నడుస్తూ ఉంటుంది. అది ఈయన దగ్గర చెల్లదు.

దీని మీద వచ్చిన ఆక్షేపణలు గట్టివే. ఒక్క వారం ముచ్చట, కొత్త వింత, మోజు తీరాక ఎలా ఉంటుందో ఎవరు చూశారు అన్నారు. సరే, ఆ ఒక్క ప్రయోగాన్ని పక్కన పెట్టేద్దాం. 2014లో స్కాట్ ఫ్రీమన్, అతని సహచరులు సైన్సు, ఇంజనీరింగ్, గణిత కోర్సుల మీద అప్పటిదాకా వచ్చిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. ఉపన్యాస తరగతుల్లో తప్పినవాళ్ళు సగటున 33.8 శాతం. పిల్లల చేత పని చేయించే తరగతుల్లో 21.8 శాతం. ఇదే ఒక కొత్త మందు మీద జరిగిన పరీక్షైతే, మందు పనిచేస్తోందని మధ్యలోనే ఆపి అందరికీ ఇవ్వమనేవారేమో అని ఆ రచయితలే రాశారు. యాభై మంది లోపు తరగతుల్లో లాభం ఇంకా ఎక్కువన్నది నిజం. పెద్ద తరగతుల్లోనూ లాభం ఉందన్నది అంతే నిజం. సెక్షను పెద్దది కాబట్టి ఉపన్యాసం తప్ప గతి లేదనే వాదానికి ఇక్కడితో కాళ్ళు విరిగాయి.

ఉపన్యాసంలో ఎందుకు ఎక్కదో తెలియాలంటే అంకెలు వదిలి క్లాసులోకి వెళ్ళాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు. విద్యార్థులు ఆయన్ని మెచ్చుకునేవారు, లెక్కల పరీక్షల్లో మార్కులూ బాగానే వచ్చేవి. 1990 ప్రాంతంలో హెస్టెనెస్ రాసింది చదివి, మా పిల్లలకు ఇవి రాకపోవడమేమిటి అనుకుంటూ అవే ప్రశ్నలిచ్చాడు. వాటికెలా రాయాలి, మీరు చెప్పినట్టా, మేమనుకుంటున్నట్టా అని ఒక విద్యార్థిని అడిగిందట. ఈ సంగతి మజూరే ఎన్నో వేదికల మీద చెప్పాడు. అన్నాళ్ళు పాఠం విన్నా, లోపలి నమ్మకం ఎక్కడిదక్కడే ఉంది. పాఠం పరీక్ష కోసం వేరే గదిలో కాపురం పెట్టింది.

ఆ ప్రశ్నల్లో ఒకదాన్ని మన రోడ్డు మీదికి తెచ్చుకుందాం. ఎదురెదురుగా వస్తున్న ఇసుక లారీ, ఆటో గుద్దుకున్నాయి. గుద్దుకున్న క్షణంలో లారీ ఆటో మీద చూపే బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపేది ఎక్కువా, రెండూ సమానమా? న్యూటన్ మూడో నియమం తొమ్మిదో తరగతి నుంచీ కంఠతా వచ్చిన పిల్లలకే ఈ ప్రశ్న ఇవ్వండి. చర్చకు రెండు నిమిషాలివ్వండి. ఒక బెంచీ దగ్గర నడిచే మాటలు ఇలా ఉంటాయి.

“లారీదే కదరా ఎక్కువ. ఆటో అప్పడమైపోతుంది.”

“మరి మూడో నియమం? మొన్న మిడ్డుకు రాశావు కదా, చర్య ప్రతిచర్య సమానమని.”

“అది పుస్తకంలోది. ఇది యాక్సిడెంటురా బాబూ.”

“యాక్సిడెంటుకు న్యూటన్ వేరే రూలు పెట్టాడా?”

“సరే, సమానమే అనుకో. ఆటోనే ఎందుకు నుజ్జవుతుంది మరి? లారీక్కూడా అంతే కావాలిగా.”

“ఫోర్సు ఒకటే. ఆటో మాస్ ఎంత, లారీ మాస్ ఎంత? ఎఫ్ ఈక్వల్స్ ఎమ్ ఏ వెయ్యి.”

“ఉండు... ఎమ్ తక్కువ కాబట్టి ఏ ఎక్కువ. అంటే దెబ్బ ఎక్కువ కనపడేది యాక్సిలరేషన్ వల్లనా?”

ఆ చివరి ప్రశ్న దగ్గర జరిగింది చూడండి. మూడో నియమమూ రెండో నియమమూ ఆ కుర్రాడికి అప్పటిదాకా రెండు వేర్వేరు ఐదు మార్కుల ప్రశ్నలు. రెండూ ఒకే సంఘటనలో పనిచేస్తాయని ఇప్పుడు తట్టింది. ఇదే మాటను బోర్డు మీద మాస్టారు ఎంత అందంగా చెప్పినా, ‘ఆటో అప్పడమైపోతుంది’ అనే లోపలి మాట బయటికి రాదు. బయటికి రానిదాన్ని ఎవరూ సరిదిద్దలేరు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం గొప్పనుకున్నాం గానీ, సైన్సులో తినవలసిందల్లా ఆ ఒలవడమే. ఆ పనంతా మాస్టారే చేసేసి, పిల్లవాడికి అరగలేదేమని ఆశ్చర్యపోతున్నాం.

రాని ఇద్దరు మాట్లాడుకుంటే వచ్చేది గోలే కదా అంటారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో మిషెల్ స్మిత్, ఆమె సహచరులు జెనెటిక్స్ తరగతిలో ఇదే అనుమానాన్ని పరీక్షించి 2009లో ప్రచురించారు. ముందు ఒక ప్రశ్నకు ఎవరికి వారే జవాబు. తర్వాత చర్చించుకుని అదే ప్రశ్నకు మళ్ళీ జవాబు. సరైన జవాబేదో చెప్పకుండా, అదే సూత్రం మీద ఇంకో కొత్త ప్రశ్న, ఈసారి మళ్ళీ ఎవరికి వారే. మొదటి ప్రశ్న తప్పిన పిల్లలు కూడా చర్చ తర్వాత కొత్త ప్రశ్నను మునుపటికన్నా బాగా చేశారు. మొదట్లో గుంపులో ఎవరికీ జవాబు తెలియని చోట్ల కూడా మెరుగుదల కనిపించింది. తెలివైనవాణ్ణి చూసి మిగతావాళ్ళు కాపీ కొట్టారనే వాదన దీనికి నిలవదు. కారణం వెతుక్కుంటూ మాట్లాడటంలోనే కొంత చదువు జరుగుతోంది.

ఇక్కడికి వచ్చేసరికి అసలు ఆయుధం బయటికొస్తుంది: సిలబస్. ఇలా కబుర్లు చెప్పించుకుంటూ కూచుంటే ఐదు యూనిట్లు ఎప్పుడవుతాయండీ? వాంకూవర్ ప్రయోగంలో ఉపన్యాసం చెప్పిన ప్రొఫెసరు పరీక్షలో వచ్చిన 12 ప్రశ్నల విషయాన్నీ పూర్తి చేశారు. కొత్త పద్ధతి సెక్షన్లో 11 ప్రశ్నల విషయమే అయింది, ఒకటి అందలేదు. పూర్తి చేసిన సెక్షనుకు 41, పూర్తి చేయని సెక్షనుకు 74. మన దగ్గర టీచింగ్ డైరీలో ఫలానా తేదీన ఫలానా యూనిట్ అయిందని రాసి ప్రిన్సిపాల్ సంతకం పెట్టించుకుంటాం. ఆ డైరీ అబద్ధం చెప్పదు. లెక్చరరు సిలబస్ నిజంగానే పూర్తి చేశారు. పిల్లలు పూర్తి చేశారా అన్న గడి మాత్రం ఆ డైరీలో లేదు.

పిల్లలకే ఇది నచ్చదు, వాళ్ళకు నోట్సు కావాలి, ఇంపార్టెంట్ ప్రశ్నలు కావాలి అంటారు. ఇందులో నిజముంది, దాచనక్కర్లేదు. ఎంఐటీలో మొదటేడాది ఫిజిక్స్ ఉపన్యాసాలు తీసేసి, గుండ్రటి బల్లల చుట్టూ కూచోబెట్టి పని చేయించే పద్ధతి తెచ్చినప్పుడు, 2003లో విద్యార్థులు మా పాత పద్ధతి మాకిచ్చేయండని సంతకాలు చేసి మరీ అర్జీ పెట్టారు. సంస్థ వెనక్కి తగ్గలేదు. ఆ కోర్సులో తప్పేవాళ్ళ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఈ అయిష్టం ఎక్కడిదో 2019లో హార్వర్డ్‌లో తేలింది. డెలోరియే అప్పటికి హార్వర్డ్‌కు వచ్చాడు. పిల్లల్ని రెండుగా విడగొట్టి, ఒకే పాఠాన్ని ఒక సగానికి చక్కటి ఉపన్యాసంగా, రెండో సగానికి స్వయంగా చేసే పనిగా ఇచ్చారు. మరో పాఠానికి అటువాళ్ళను ఇటూ, ఇటువాళ్ళను అటూ మార్చారు. పని చేసినప్పుడు పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. ఉపన్యాసం విన్నప్పుడు తక్కువ నేర్చుకుని, బాగా ఎక్కిందన్నారు. సాఫీగా సాగిపోయే మాట వింటుంటే మనకూ వచ్చేసినట్టే ఉంటుంది. పెన్ను పట్టుకుని తడబడుతున్నప్పుడు ఏమీ రావడం లేదనిపిస్తుంది. తడబాటులో ఉన్నదే చదువని పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

ఇది మనకు చిన్న విషయం కాదు. నాక్ గుర్తింపు కోసం కాలేజీలు ఫీడ్‌బ్యాక్ ఫారాలు కట్టలు కట్టి ఫైళ్ళలో పెడతాయి. లెక్చరరు చక్కగా వివరిస్తారా, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులెయ్యండి అని అడుగుతారు. పిల్లల అభిప్రాయం అడగడం తప్పు కాదు. కానీ ఆ ఫారం కొలిచేది పాఠం విన్నప్పటి హాయిని. దాన్ని నేర్చుకున్న చదువు కింద జమ వేసుకుంటే, మనం ఎవరికి బహుమతులిస్తున్నట్టు?

ఇవన్నీ తెలివైన పిల్లలకు సరిపోతాయి, మా దగ్గరికొచ్చేది పల్లెటూళ్ళ నుంచి, మొదటి తరం చదువుకునేవాళ్ళు, వాళ్ళకు చెప్పి బట్టీ పట్టించడమే దారి అనే మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. దయ ముసుగేసుకున్న చిన్నచూపు అది. లెక్క సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. 2020లో ఎల్లి థియొబాల్డ్, సహచరులు అమెరికా తరగతుల ఫలితాలను జాతి, ఆదాయం వారీగా విడదీసి చూశారు. వెనకబడ్డ వర్గాల పిల్లలకూ మిగతావాళ్ళకూ మధ్య పరీక్ష మార్కుల్లో ఉన్న అంతరం పని చేయించే తరగతుల్లో 33 శాతం తగ్గింది, ఉత్తీర్ణతలో అంతరం 45 శాతం తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో ఉన్నవాడు, ట్యూషన్‌కు పోగలిగినవాడు క్లాసులో అర్థం కానిది బయట నేర్చుకుంటాడు. సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయి, ఇంటి పనిలో పడే అమ్మాయికి సైన్సుతో కుస్తీ పట్టే సమయం, తోడు దొరికేది కాలేజీలో ఉన్న ఆ గంటలోనే. ఆ గంటను కూడా డిక్టేషన్‌కు ఖర్చు చేస్తే నష్టపోయేది ఆమే.

స్మార్ట్ బోర్డులు, డిజిటల్ క్లాసులు, యూట్యూబ్ పాఠాల గురించి ఎక్కువ చెప్పను. పీపీటీలోకి ఎక్కినా ఉపన్యాసం ఉపన్యాసమే. బోర్డు మీద రాసేటప్పుడు కనీసం చెయ్యి నొప్పెట్టి లెక్చరరు ఆగేవారు, ఇప్పుడు అదీ లేదు.

డబ్బు సంగతికొస్తే, క్లికర్లు ఎక్కడ తెస్తామన్నది మొదటి ప్రశ్న. నథానియెల్ లాస్రీ కెనడాలో ఒక కాలేజీలో క్లికర్లు ఇచ్చిన తరగతినీ, అట్టముక్కల మీద అక్షరాలు రాసి ఎత్తమన్న తరగతినీ పోల్చి 2008లో రాశాడు. నేర్చుకోవడంలో తేడా లేదు. ఏ, బీ, సీ, డీ అని నాలుగు రంగుల అట్టముక్కలు, అంతే సరంజామా. వంద మందిలో ఎన్ని ఎర్రవి, ఎన్ని పచ్చవి లేచాయో డయాస్ మీంచి ఒక్క చూపుతో తెలుస్తుంది. వంద మంది మధ్య ఒక్కరే ఎలా తిరుగుతారన్నది రెండో ప్రశ్న. కొలరాడోలో ఒక కోర్సు పాసైన సీనియర్ విద్యార్థులనే ఎంచుకుని, ఎలా ప్రశ్నించాలో నేర్పించి, కింది తరగతుల్లో గుంపుల మధ్య తిప్పుతున్నారు. లెర్నింగ్ అసిస్టెంట్లంటారు వాళ్ళను. మన ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఫైనలియర్ పిల్లలున్నారు. కింది తరగతికి లారీ, ఆటో లెక్క వివరించబోతే తమకెంత వచ్చో వాళ్ళకూ తెలిసొస్తుంది. ఎంఎస్‌కు వెళ్ళి టీచింగ్ అసిస్టెంట్లుగా పనిచేసిన మన పిల్లలకు ఇలాంటి గదులు కొత్త కాదు, వాళ్ళను అడిగినా చెబుతారు.

అమెరికా అంతా ఇలా మారిపోయి మనమే వెనకబడ్డామని ఎవరూ అనుకోనక్కర్లేదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం కోసం ఉత్తర అమెరికాలోని 25 సంస్థల్లో రెండు వేలకు పైగా తరగతులను గమనించి చూస్తే 55 శాతం ప్రధానంగా ఉపన్యాసమే. రుజువులు చేతికిచ్చినా మారనివాళ్ళు ప్రొఫెసర్లు, అన్ని దేశాల్లోనూ. వైమన్ దీనికి కారణం వ్యక్తుల్లో వెతకలేదు. 2006లో కొలరాడోలో, 2007లో బ్రిటిష్ కొలంబియాలో ఆయన మొదలుపెట్టిన కార్యక్రమం డబ్బును నేరుగా డిపార్ట్‌మెంట్లకే ఇచ్చింది. సబ్జెక్టూ తెలిసి, పిల్లలెలా నేర్చుకుంటారో కూడా తెలిసిన కుర్ర పీహెచ్‌డీలను డిపార్ట్‌మెంటులోనే నియమించి, ఒక్కో కోర్సునూ లెక్చరరు పక్కన కూచుని తిరగరాయించింది. ఈ కోర్సు అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలి? ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారు? ఆ తేడాను ఏ పద్ధతి తగ్గిస్తుంది? మొదటి ప్రశ్నకు జవాబు రాయడానికే నెలలు పట్టిన డిపార్ట్‌మెంట్లున్నాయంటే ఆశ్చర్యపోను. ఒకసారి తయారైన ప్రశ్నలు, పనికాగితాలు మాత్రం వచ్చే ఏడు ఎవరు చెప్పినా అక్కడే ఉంటాయి. మంచి లెక్చరరు రిటైరైతే ఆయన పాఠం ఆయనతోనే పోతుంది.

మన లెక్చరర్ల పక్షాన ఒక మాట ఒప్పుకోవాలి. గంటకింత అని ఇచ్చే గెస్టు ఫ్యాకల్టీని, వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాణ్ణి కోర్సు మొత్తం తిరగరాయమంటే అన్యాయం. అది ఒంటరిగా చేయగల పని కాదు, డిపార్ట్‌మెంటు చేయించాలి, దానికి గంటలివ్వాలి. అయితే ఇవేవీ లేకుండానే రేపే మార్చగలిగింది ఒకటుంది, పరీక్ష పేపరు.

మన బీఎస్సీ మొదటేడాది మెకానిక్స్‌లో చర ద్రవ్యరాశి వ్యవస్థ అంటే ఏమిటి, రాకెట్ చలన సమీకరణాన్ని రాబట్టండి అనేది పేపర్లలో తిరిగి తిరిగి కనబడే వ్యాసప్రశ్న. గైడులో రెండు పేజీల జవాబుంటుంది. దాన్ని బొమ్మతో సహా దించినవాడికి మార్కులు పడతాయి. ఈ పేపరు ఉన్నంతకాలం పిల్లలు చర్చ ఎందుకు చేస్తారు, ఎందుకు చేయాలి? వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, దేనికి మార్కులో దానికే పని చేస్తున్నారు. దాని పక్కన ఇలాంటిది ఒకటి పెట్టండి: “రాకెట్ వెనక్కి వదిలే వాయువు గాలిని నెడుతుంది కాబట్టి రాకెట్ ముందుకు పోతుంది, అందుకే గాలి లేని అంతరిక్షంలో ఇంజను పనిచేయదని నీ స్నేహితుడు అన్నాడు. అతని మాటలో తప్పెక్కడుందో సమీకరణం వాడకుండా ఐదు వాక్యాల్లో రాయి.” గైడులో దీనికి జవాబు దొరకదు. వచ్చే ఏడు గైడు వాళ్ళు దీనికీ జవాబు అచ్చేస్తారు, అప్పుడు స్నేహితుడి చేత ఇంకో తప్పు మాట్లాడిద్దాం. తప్పుడు అభిప్రాయాలకు కొదవా?

దీనికి బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు ఒక పూట కూచుంటే సరిపోతుంది. ప్రతి పేపరులో మూడో వంతు మార్కులు ఇలాంటి ప్రశ్నలకు కేటాయిస్తున్నామని, నమూనా ప్రశ్నలతో సహా, జూన్‌లో కాలేజీలు తెరిచే లోపే ప్రకటించాలి. స్పాట్ వాల్యుయేషన్‌లో ఇలాంటి జవాబు దిద్దడానికి పేజీలు లెక్కపెట్టి మార్కులేసిన దానికన్నా ఎక్కువ సేపు పడుతుంది, రోజుకు దిద్దే పేపర్ల సంఖ్య తగ్గించి, పేపరుకిచ్చే రెమ్యూనరేషన్ పెంచాల్సి వస్తుంది. ఆ ఫైలు మీద ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుంది. యూనివర్సిటీలు పోట్లాడవలసింది దాని కోసం.